షెరిన్ పట్టి ఉంచిన చోటు

"ఇక్కడే! దీనికంటే ముందు ఇంకేం లేదు," అంది షెరిన్, పాత దుప్పటిని దులిపి నేల మీద పరుస్తూ.

నిజంగానే దానికి ముందు ఇంకేమీ లేదు. ఒక వెదురు కంచె, కంచె అవతల ఖాళీ మైదానం, మైదానం మధ్యలో తగలబెట్టడానికి నిలబెట్టిన రావణుడి బొమ్మ. అటు అతని తమ్ముడి బొమ్మ, ఇటు కొడుకు బొమ్మ. మధ్యాహ్నపు ఎండలో రావణుడి మీసాలు నిగనిగలాడుతున్నాయి.

"పది తలలూ కనిపిస్తున్నాయి!" అంది తేజశ్రీ, వేలితో లెక్కపెడుతూ.

దేశ రాజధానిలో వాళ్ళుండే ద్వారక కాలనీలో ఆ మైదానానికి ప్రతి దసరాకీ జనం విరగబడి వస్తారు. పోయినేడు ఇద్దరూ చీకటి పడే వేళకు వెళ్ళారు. ఎవరి భుజాల మీదో ఎక్కిన పిల్లల వీపులు, పైకెత్తిన ఫోన్లు తప్ప ఏమీ కనబడలేదు. అందరూ అరిస్తే వీళ్ళూ అరిచారు. "ఇంతకీ మనం ఏం చూసి అరిచామే?" అని షెరిన్ అడిగితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఈసారి మధ్యాహ్నమే వచ్చి కూర్చోవాలన్న ఆలోచన షెరిన్‌దే. దుప్పటి కూడా షెరిన్ వాళ్ళదే.

ఇద్దరిదీ ఒకే అపార్ట్‌మెంట్ సొసైటీ, ఐదో తరగతిలో ఒకే సెక్షన్. షెరిన్ వాళ్ళమ్మ రెబ్కా ఆసుపత్రిలో నర్సు. వాళ్ళది బాపట్ల. ఆ రోజు రెబ్కాకి సాయంత్రం దాకా డ్యూటీ ఉంది. "తేజూ వాళ్ళ అమ్మానాన్నలు కూడా వస్తారు కాబట్టి పంపిస్తున్నాను. వాళ్ళని వదిలి ఎక్కడికీ వెళ్ళకు" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

ఎండ కాస్త వాలింది. వెనక జనం చేరసాగారు. తేజశ్రీ తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి.

"నేను ఇంటికి పోయి నీళ్ళు తెస్త. అమ్మానాన్నలతోటే వచ్చేస్త," అంది తేజశ్రీ. ఇంట్లో అందరూ కరీంనగర్ తెలుగే మాట్లాడతారు. ఆమెకీ అదే అలవాటు.

"త్వరగా రా. జనం పెరిగితే నేనొక్కదాన్నే ఆపలేను."

"పక్కా. నా జాగ ఎవ్వరికీ ఇయ్యకు."

"ఇవ్వను. ఎవరొచ్చినా ఇది తేజూ చోటని చెప్తాను." షెరిన్ దుప్పటి మీద కాళ్ళు బారజాపి, రెండో చోటు మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

*

ఇంట్లో హాల్లో ఆదిత్య అంకుల్ కూర్చుని ఉన్నాడు. ఆయన తేజశ్రీ వాళ్ళ నాన్న సాయిప్రకాష్‌తో పాటు ఆఫీసులో పనిచేస్తాడు. చేతిలో మెరుస్తున్న కార్డులున్నాయి.

"వీఐపీ పాసులు! మీ ముగ్గురికీ సరిపోతాయి," అన్నాడు ఆయన. "వేరే గేటు. సోఫాలో కూర్చుని చూడొచ్చు. ముందు ఎవ్వరూ అడ్డం ఉండరు. సమోసాలు కూడా పెడతారట."

తేజశ్రీ కళ్ళు పెద్దవయ్యాయి.

"మరి షెరిన్?" అంది అమ్మ. "ఆ పిల్ల ఒక్కతే ఉందా అక్కడ?"

తేజశ్రీ ఒక్క క్షణం ఆగింది. ఒక్కతే ఉందంటే అమ్మ ఊరుకోదు. 'నువ్వూ నేనూ వెళ్ళి షెరిన్ దగ్గర కూర్చుందాం పద' అంటుంది. సోఫా పోతుంది.

"లేదమ్మా. రెబ్కా ఆంటీ వచ్చేసింది. ఇద్దరూ కూసున్నరు. మనం రాకపోయినా ఏం కాదన్నరు."

"అచ్ఛా, మంచిదే మరి," అంది అమ్మ, చీర మార్చుకోవడానికి లోపలికి వెళుతూ.

చిన్న మాట. నోట్లోంచి వచ్చేటప్పుడు ఏమంత బరువుగా అనిపించలేదు.

*

సోఫా మెత్తగా ఉంది. రావణుడు ఎంత దగ్గరగా ఉన్నాడంటే, అతని నడుముకు అంటించిన రంగు కాగితాలు గాలికి రెపరెపలాడటం కూడా కనిపిస్తోంది. అమ్మ ఫోన్ తీసి ఫొటో తీసింది. తేజశ్రీ సమోసా చేత్తో పట్టుకుని నవ్వింది.

ఫొటో అయ్యాక పక్కకి తిరిగింది. అప్పుడు కనబడింది వెదురు కంచె.

కంచె వెనక ఇప్పుడు ఇసక వేస్తే రాలనంత జనం. ఆ జనం మధ్య ఒక్క చోట మాత్రం కాస్త ఖాళీ. ఆ ఖాళీ మీద రెండు చేతులూ చాపి, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది షెరిన్. గట్టిగా పిలిస్తే వినిపించేంత దూరం.

తేజశ్రీ పిలవలేదు. సోఫాలో ఇంకొంచెం కిందికి జారి, ఆదిత్య అంకుల్ వెనక్కి జరిగింది. అయినా కళ్ళు అటే పోతున్నాయి.

సొసైటీలో ఉండే సెహగల్ ఆంటీ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చింది. ఖాళీ చోటు చూపించి ఏదో అంది. షెరిన్ తల అడ్డంగా ఊపింది. రోడ్డు వైపు చెయ్యి చూపించింది. వస్తోంది, ఇప్పుడే వస్తుంది, అన్నట్టు. ఆంటీ వంగి దుప్పటి అంచు పట్టుకుని లాగింది. దాని మీద నిలబడ్డ ఆంటీ చిన్న కొడుకు కబీర్ కాలు జారి, ముందుకు పడ్డాడు. మోచెయ్యి వెదురుకు గీరుకుని ఏడుపు లంకించుకున్నాడు.

షెరిన్ వాణ్ణి ముట్టుకోను కూడా లేదు. తేజశ్రీ స్పష్టంగా చూసింది.

కానీ ఆంటీ షెరిన్ వైపు వేలు చూపించి అరుస్తోంది. మెడలో విజిల్ వేసుకున్న వాలంటీర్ ఒకాయన వచ్చాడు. ఏడుస్తున్న పిల్లాణ్ణి చూశాడు, ఖాళీ చోటు పట్టుకుని కూర్చున్న పిల్లని చూశాడు. ఇంకేమీ అడగలేదు. షెరిన్‌ని జబ్బ పట్టుకుని లేపి, ఫైరింజన్ నిలబెట్టిన దారి పక్కన, దీపస్తంభం కింద నిలబెట్టాడు. దుప్పటి ఉండచుట్టి చేతికిచ్చాడు.

అక్కడినుంచి చూస్తే ముందు ఎర్రటి ఫైరింజన్ తప్ప ఏమీ కనిపించదు.

'ఇప్పుడు లేచి వెళ్ళాలి,' అనుకుంది తేజశ్రీ. 'అమ్మకి చెప్పాలి.' చెబితే ఆ అబద్ధం కూడా చెప్పాల్సి వస్తుంది. ఆదిత్య అంకుల్ ముందు, నాన్న ముందు. ఇంకాసేపాగి చెబుదాం అనుకుంది. ఇంతలో నిప్పు బాణం రావణుడి మీదికి వచ్చేసింది.

రావణుడు భగ్గుమన్నాడు. టపాసులు ఢాంఢామని పేలాయి. నాన్న ఆమె భుజం తట్టి, "చూడు తేజూ, చూడు! తలలు ఎట్ల రాలుతున్నయో!" అన్నాడు.

మైదానంలో ఉన్న వాళ్ళందరి మొహాలూ ఎర్రటి వెలుగులో రావణుడి వైపే తిరిగి ఉన్నాయి. ఒక్క మొహం మాత్రం వెనక్కి తిరిగి ఉంది. షెరిన్ కాలివేళ్ళ మీద నిలబడి, మెడ సాచి, రోడ్డు వైపు చూస్తోంది. తేజశ్రీ వచ్చే దారి వైపు.

రావణుడు కూలిపోయాడు. తేజశ్రీకి తలలు రాలడం ఒక్కటి కూడా గుర్తులేదు.

అటునుంచి అటే అందరూ ఆదిత్య అంకుల్ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళారు. పాయసం చేశారు. తేజశ్రీ కడుపు నొప్పని చెప్పి తినలేదు.

*

మర్నాడు పొద్దున బస్ స్టాప్‌లో షెరిన్ ముందే నిలబడి ఉంది. తేజశ్రీ దారి పొడుగునా ఒక మాట తయారుచేసుకుంటూ వచ్చింది.

"నిన్న ఏమైందంటే యార్, ఇంటికి పోంగనే నాకు బాగా జ్వరం—"

"మీ అమ్మ స్టేటస్ చూశాను," అంది షెరిన్.

తేజశ్రీ బ్యాగు పట్టీ సర్దుకుంది.

"సోఫాలో ఉన్నావు. చేతిలో సమోసా ఉంది." షెరిన్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "రోడ్డు దాటేటప్పుడు నీకేమన్నా అయిందేమో అనుకున్నాను. మా అమ్మ వచ్చాక ఇద్దరం మీ ఇంటికి వచ్చి బెల్ కొట్టాం. ఎంతసేపు కొట్టామో. ఎవ్వరూ తియ్యలేదు. మా అమ్మ కూడా భయపడిపోయింది. తర్వాత మీ అమ్మకి ఫోన్ చేద్దామని తీస్తే ఫొటో కనబడింది."

బస్సు వచ్చింది. షెరిన్ ఎక్కి, వేరే అమ్మాయి పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం లిఫ్ట్‌లో రెబ్కా ఆంటీ, షెరిన్, తేజశ్రీ ఉన్నారు. తలుపు మూసుకునే ముందు సెహగల్ ఆంటీ ఎక్కింది. కూరగాయల సంచులతో ఇంకో ఇద్దరు ఎక్కారు.

"మీ అమ్మాయి నిన్న మా కబీర్‌ని తోసేసింది. తెలుసా మీకు?" అంది సెహగల్ ఆంటీ హిందీలో. "డ్యూటీ డ్యూటీ అని మీరు తిరుగుతారు. పిల్లని వీధిలో వదిలేస్తారు. ఇక పద్ధతి ఎవరు నేర్పుతారు?"

రెబ్కా ఆంటీ మొహం మాడిపోయింది. ఇంకా ఆసుపత్రి బట్టల్లోనే ఉంది. "సారీ జీ," అంది మెల్లగా. "ఇంకెప్పుడూ అలా జరగదు."

షెరిన్ తేజశ్రీ వైపు చూసింది. ఒక్కసారే. తేజశ్రీ లిఫ్ట్‌లో వెలుగుతున్న అంకెల వైపు చూసింది. ఒకటి, రెండు, మూడు. వాళ్ళ ఫ్లోర్ రాగానే గబగబా దిగిపోయింది.

*

సొసైటీలో దీపావళికి పిల్లల డాన్స్ ఉంటుంది. సెహగల్ ఆంటీయే నేర్పిస్తుంది. మొదటి వరసలో మధ్యన నిలబడేది షెరిన్. అందరికంటే బాగా చేసేది ఆమే.

ఆ ఆదివారం ప్రాక్టీసుకు షెరిన్ రాలేదు.

"షెరిన్‌ని తీసేశాను," అంది సెహగల్ ఆంటీ. "చిన్నపిల్లల్ని తోసే వాళ్ళు మనకొద్దు. తేజశ్రీ, నువ్వు ముందుకు రా బేటా. మధ్యలో నిలబడు. ఎక్కడ కూర్చున్న వాళ్ళకైనా నువ్వే కనబడాలి."

తేజశ్రీకి ఆ చోటంటే ఎప్పటినుంచో ఇష్టం. అద్దం ముందు ఎన్నిసార్లు చేసి చూసుకుందో. కాళ్ళు వాటంతటవే నాలుగడుగులు ముందుకు వేశాయి. నేల మీద చాక్‌పీస్‌తో గీసిన గుండ్రం దగ్గరకి వచ్చాక ఆగిపోయాయి.

"నిలబడు బేటా, పాట పెడుతున్నాను."

"ఆంటీ, షెరిన్ కబీర్‌ని తొయ్యలేదు," అంది తేజశ్రీ హిందీలో.

గొంతు సన్నగా వచ్చింది. ఆంటీకి వినబడలేదు. పాట మొదలైంది. తేజశ్రీ మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. ఎవరో పాట ఆపారు.

"నీకెలా తెలుసు? నువ్వక్కడ లేవు కదా."

"ఉన్నాను. వీఐపీ సోఫాలో. మొత్తం చూశాను." హాల్లో పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు. "ఆ ఖాళీ చోటు నాది. నా కోసమే షెరిన్ దాన్ని పట్టుకుని కూర్చుంది. వస్తానని చెప్పి నేనే పోలేదు. రెబ్కా ఆంటీ షెరిన్‌ని వీధిలో వదిలెయ్యలేదు. మా అమ్మానాన్నలు ఉంటారని పంపించింది. మా అమ్మకి నేనే అబద్ధం చెప్పాను."

"అయితే మా కబీర్ ఎలా పడ్డాడు?"

తేజశ్రీ జవాబు చెప్పేలోపే, వెనక వరసలో కుందేలు వేషం కోసం తలకి చెవులు పెట్టుకుని నిలబడ్డ కబీర్ అన్నాడు, "మమ్మీ, దుప్పటి నువ్వు లాగావు కదా. నేను దాని మీద ఉన్నా."

ఎవరూ నవ్వలేదు. సెహగల్ ఆంటీ కబీర్ తల మీద జారిన కుందేలు చెవులు సర్దింది. "ఠీక్ హై, ఠీక్ హై. అయిపోయిందేదో అయిపోయింది. రేపటినుంచి షెరిన్‌ని రమ్మను. ఇప్పుడు లైన్లో నిలబడు."

తేజశ్రీ నిలబడలేదు.

"లిఫ్ట్‌లో అందరి ముందూ అన్నారు కదా ఆంటీ, రెబ్కా ఆంటీని. నేను కూడా అక్కడే ఉండి నోరు తెరవలేదు. మనమిద్దరం పోయి చెప్పాలి."

పెద్దవాళ్ళతో అలా మాట్లాడటం ఆమెకి అదే మొదటిసారి. ఆంటీ ఆమెను చూసింది, కబీర్‌ని చూసింది. తర్వాత చున్నీ సర్దుకుని, "చలో," అంది.

*

తలుపు తీసింది రెబ్కా ఆంటీ. సెహగల్ ఆంటీ చెప్పాల్సింది చెప్పింది. మాటలు తడబడ్డాయి, కానీ చెప్పింది. రెబ్కా ఆంటీ "పర్వాలేదు జీ," అంది. నవ్వలేదు. సెహగల్ ఆంటీ వెళ్ళిపోయింది.

లోపల బల్ల దగ్గర షెరిన్ హోంవర్క్ చేసుకుంటోంది. అన్నీ వింటూనే ఉంది.

"షెరిన్," అంది తేజశ్రీ గుమ్మం బయటినుంచే. "నాకు నువ్వు కనబడ్డవు ఆరోజు. పిలిస్తే వినబడేటంత దగ్గర్నే ఉన్న. చూసి కూడా దాక్కున్న."

ఆ మాట చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

షెరిన్ పెన్సిల్ ఆగింది. "నేను రోడ్డు వైపు చూస్తున్నప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

షెరిన్ పుస్తకంలో ఒక పేజీ తిప్పింది. "డాన్స్‌కి నేను రాను. ఆ చోటు నువ్వే తీసుకో," అంది చివరికి.

"నాకొద్దు."

"నాకూ వద్దు."

పెన్సిల్ మళ్ళీ కదిలింది. రెబ్కా ఆంటీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నిట్టూర్చింది. "లోపలికి రామ్మా తేజూ. ఎంతసేపు అలా నిలబడతావు?"

ఇదివరకైతే ఆ ఇంట్లోకి వెళ్ళడానికి ఎవరూ పిలవక్కర్లేదు. తేజశ్రీ చెప్పులు విడవలేదు.

"షెరిన్ పిలిస్తే వస్త ఆంటీ," అంది.

షెరిన్ తల ఎత్తలేదు. తేజశ్రీ ఇంకాసేపు ఆగి, అమ్మకి కూడా అంతా చెప్పడానికి మెట్లు దిగింది.