తాడు మీద దుప్పటి

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి గ్రిడ్ ఇంజనీరు చనిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. పిడికిట్లో చీటీ: "స్క్రీన్‌ని నమ్మొద్దు. దుప్పటి గురించి అడగండి."

"గాలిమరల కరెంటును ఎంతవరకు నమ్మొచ్చో లెక్కకట్టడం అతని పని," గూఢచారి సంస్థ పెద్దాయన ఏజెంట్ ముంగిసకు బ్రీఫింగ్ ఇచ్చాడు. "ఆ లెక్కలో విదేశీ ముఠా వేలుపెట్టింది. సాయంత్రం ఐదుకు గ్రిడ్ కూలుస్తారట. కంట్రోల్ రూమ్‌లో కన్సల్టెంట్ వేషంలో మన ఏజెంట్ కోయిల ఉంది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

"కూలితే మళ్ళీ నిలబెట్టడానికి?"

"కనీసం ఒక రోజు."

ముంగిసకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో అన్నయ్య ఆక్సిజన్ మెషీన్ మీద బతుకుతున్నాడు. దాని బ్యాటరీ అరగంటకు మించి రాదు. తండ్రి పోయాక తనని పెంచింది ఆయనే. వదినకు చెబుదామంటే ఉద్యోగ రహస్యం నోరు నొక్కేసింది.

నాలుగూ యాభైకి ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళాడు. జేబులో కెమెరా పెన్ను, వాచీలో ట్రాన్స్‌మిటర్, చేతిలో స్పానర్. వాటిలో ఏదీ గాలి వీయించలేదు.

గోడ మీది స్క్రీన్ కొండ టవర్ రీడింగ్ చూపిస్తోంది: గాలి, సెకనుకు పన్నెండు మీటర్లు. కొండ మీద వీచిన గాలే పావుగంటలో మరలకు చేరుతుంది.

"గాలి దండిగా ఉంది. రిజర్వు బాయిలర్ దండగ, ఆపించండి," అంటోంది కోయిల. ఖరీదైన సెంటు, అంతకన్నా ఖరీదైన చిరునవ్వు.

గాలి ఆగితే గ్రిడ్‌ను ఆదుకునేది బొగ్గు ప్లాంటులోని ఆ బాయిలరే; చల్లారితే మళ్ళీ రాజెయ్యడానికి ఎనిమిది గంటలు. షిఫ్ట్ ఇంచార్జి ప్లాంటు హాట్‌లైన్ ఫోన్ అందుకున్నాడు.

"సార్, దుప్పటి సంగతేంటి?" చీటీ గుర్తొచ్చి ముంగిస అడ్డుపడ్డాడు.

ఇంచార్జి మొహం మారింది. "పాత అలవాటది. కంప్యూటర్లు రాకముందు టవర్ వాచ్‌మన్‌కి గంటకోసారి ఫోన్ చేసి, తాడు మీద ఆరేసిన దుప్పటి ఎలా ఉందో అడిగేవాళ్ళం. పోయినాయన నిన్నటిదాకా అడిగాడు. మేం నవ్వేవాళ్ళం."

"ఇప్పుడు అడగండి సార్. దణ్ణం పెడతా."

"టైమ్ లేదు," అంది కోయిల.

ఇంచార్జి అప్పటికే రెండో ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. "తాతా, దుప్పటి ఎగురుతోందా?"

"ఎక్కడయ్యా. పావుగంట నుంచి ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతోంది."

స్క్రీన్ మీది పన్నెండు పచ్చి అబద్ధం. కోయిల హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చి ఇంచార్జి కణతకు ఆనింది. ఇన్నాళ్ళూ ఆమె కూసింది అవతలివాళ్ళ కోసం.

"బాయిలర్ ఆపమని చెప్పండి."

హాట్‌లైన్‌లో అవతలి గొంతు అడుగుతోంది: "సార్, ఆపమంటారా?"

ముంగిసకు అన్నయ్య ఎగశ్వాస చెవి పక్కనే వినిపించినట్టయింది. భయమేసింది. కోయిల చేతికేసి స్పానర్ విసిరాడు. గురి తప్పిన తూటా అతని భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. పిస్టల్ నేల మీద పడింది, దాని మీద ముంగిస పడ్డాడు.

"ఆపొద్దు, ఫుల్ లోడుకు తే," ఇంచార్జి ఫోన్‌లో అరిచాడు.

మరలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మీటరు మీద గ్రిడ్ ఫ్రీక్వెన్సీ యాభై హెర్ట్జ్ నుంచి జారింది. 49.6. 49.2. నలభై తొమ్మిది కిందికి దిగితే అంతా చీకటే. 49.05 దగ్గర మీటరు ముల్లు ఊగిసలాడింది. బాయిలర్ గ్రిడ్ బరువు అందుకుంది. ముల్లు మెల్లగా పైకి లేచింది.

గార్డులు కోయిలను పట్టుకెళ్తుండగా ముంగిస జేబులో ఫోన్ మోగింది. వదిన.

"ఏమయ్యా, ఇక్కడ లైటు ఓసారి మినుకుమంది."

"అన్నయ్య?"

"పేపరు చదువుతూ విసుక్కుంటున్నాడు. కరెంటాఫీసులో నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త గట్టిగా అడుగు, పని చేస్తున్నారా, కునుకు తీస్తున్నారా అని."

"అడుగుతాను వదినా," అన్నాడు ముంగిస, రక్తం కారుతున్న భుజాన్ని నొక్కిపట్టుకుని.