మోకాలి కాపలా

కొత్త కాకినాడలో అరవై దాటినవాళ్ళలో సొంత మోకాళ్ళతో తిరిగేవాళ్ళు దాదాపు లేరు. సముద్రం పాత ఊళ్ళోకి వచ్చేశాక ఇళ్ళన్నీ కాంక్రీటు స్తంభాల మీదికి ఎక్కాయి. పాలకి దిగాలన్నా నిచ్చెనే, పిల్లల్ని బడి పడవ ఎక్కించాలన్నా నిచ్చెనే. ఏళ్ళ తరబడి నిచ్చెనలు ఎక్కి దిగిన మోకాలు ఏమవుతుంది? అరిగిపోతుంది. అరిగినదాన్ని తీసి పింగాణీ కీలు పెట్టడం పన్ను పీకించుకున్నంత మామూలైపోయింది. ఆపరేషన్ చిటికెలో అవుతుంది. అసలు కష్టం ఆ తర్వాతే.

కొత్త కీలు పెట్టినంత మాత్రాన మోకాలు వంగదు. కోసిన చోట లోపల మచ్చకండ పెరుగుతుంది. మొదటి వారాల్లో రోజూ వంచుతూ ఉంటే అది సాగుతుంది. లేదంటే ఆరిన జిగురులా కీలును పట్టేసి కాలు కర్రలా చేస్తుంది. వెనకటి రోజుల్లో ఫిజియోథెరపిస్టులు పట్టుకుని బలవంతంగా వంచేవారు, రోగులు గోల పెట్టేవారు. తర్వాత నొప్పి బొత్తిగా తెలియనివ్వని మందులొచ్చాయి. గోల ఆగింది గాని మోకాళ్ళు వంగలేదు. ఎందుకంటే మోకాలిని బిగబట్టేది నొప్పి ఒక్కటే కాదు, భయం కూడా. ఏదో అయిపోతుందని తొడ కండరం దానంతటదే బిగుసుకుని కాపలా కాస్తుంది. సొంత మనిషి చెప్పినా అది వినదు.

డాక్టర్ రంగనాయకి కనిపెట్టిన 'సడలిక' ఆ కాపలాని ఏమార్చే యంత్రం. తొడకీ పిక్కకీ చుట్టే ఒక మెత్తని పట్టీ, చెవిలో పెట్టుకునే శనగగింజంత బిళ్ళ, అంతే. కండరం ఏ క్షణంలో కాపలా మరిచిపోతుందో నరాల్లో పారే విద్యుత్తును బట్టి పసిగట్టి, ఆ రెప్పపాటులో కాలిని ఒక్క రవ్వ వంచుతుంది. వంచిన మేర మళ్ళీ వెనక్కి పోనివ్వదు. ఆ క్షణాలు ఊరికే రావు కాబట్టి రోగితో కబుర్లాడి రప్పిస్తుంది. ఒకరికి పాత పాట, ఒకరికి మొగుడి మీద చాడీ, ఇంకొకరికి చిన్ననాటి కూర వాసన గురించి నాలుగు మాటలు. ఎవరికి ఏది పనిచేస్తే అది వాళ్ళ తాళంచెవి. షరతు ఒక్కటే, రోగితో మాట్లాడే యంత్రం అబద్ధం ఆడకూడదని చట్టం.

జోషితమ్మ తాళంచెవి మాత్రం దొరకలేదు.

ఆవిడ సడలిక వార్డులో చేరేటప్పటికి కూతురు తాయారుకి నెలలు నిండుతున్నాయి. తొలి కానుపు. పసిబిడ్డలకి నీళ్ళు పోసే యంత్రాలు ప్రతి ఇంట్లో ఉన్నా, జోషితమ్మ పుట్టింటి ఆనవాయితీ వేరు. అమ్మమ్మ నేల మీద పీట వేసుకుని కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్ళు పోయాలి. కాళ్ళు చాపడం సులువే. ఆ పీట మీదికి దిగాలంటే, మళ్ళీ లేవాలంటే, మోకాలు బాగా వంగాలి. జోషితమ్మది తొంభై డిగ్రీల దగ్గర ఆగిపోయింది. నూట ఇరవై దాటితే గాని పీట మాట ఎత్తొద్దన్నారు డాక్టరుగారు.

పైగా వియ్యపురాలు మోక్షితమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒక సూది గుచ్చేది.

"కంగారు పడకండి వదినగారూ, మీకు కుదరకపోతే నేను లేనూ? నా మోకాళ్ళు ఇంకా దేవుడిచ్చినవే. నిన్న బాసింపట్టు వేసుక్కూర్చుని ఆవకాయ కలిపాను."

"కలపండి, కలపండి. మీ ఆవకాయ తిన్నవాళ్ళకి పొట్ట ఆపరేషన్లు కావాలి మరి," అని జోషితమ్మ నవ్వేది. ఫోన్ పెట్టాక కళ్ళు తుడుచుకునేది.

సడలిక పాటలు పాడింది. జోకులు చెప్పింది. కాలు కదల్లేదు. కూతురి గొంతు వినిపించింది. అప్పుడు కండరం రాయిలా బిగిసింది.

"తాయారు పేరెత్తితేనే మీరు బిగుసుకుంటున్నారమ్మా," అంది సడలిక చెవిలో.

"బిగుసుకోనా? కాళ్ళ వాపులంట. బీపీ ఎక్కువంట. నిచ్చెన దిగుతూ కాలు జారితే? పడవ మధ్యలో నొప్పులొస్తే? మంచి ఆలోచిద్దామనే కూర్చుంటాను, చెడ్డదే ముందు వస్తుంది."

పక్క మంచం లాస్యమ్మది. ఆవిడ కోడలికీ వచ్చే నెలే కానుపు. ఇద్దరూ ఒకే వయసు, ఒకే మోకాలు, ఒకే దిగులు. లాస్యమ్మ తన టిఫిన్ లో సగం ఇటు జరిపేది. పొద్దున్నే మొహం కడుక్కోకముందే అడిగేది.

"మీ అమ్మాయికి వాపు తగ్గిందా వదినగారూ? బీపీ ఎంతుందంట?"

"అలాగే ఉందంటండి."

"అయ్యో. కోడలికి లేదు గాని నాకే ఉంది బీపీ. మీ అమ్మాయి గురించి తెలుసుకోకపోతే నాకు ముద్ద దిగదు, నమ్మండి."

సొంత చెల్లెలు కూడా ఇంతలా అడగలేదని జోషితమ్మ మురిసిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం కిటికీ కింద అంబులెన్సు పడవ కూత పెట్టింది. వార్డులో ఆడవాళ్ళందరూ తలలెత్తారు. "ఎవరో నిచ్చెన మీంచి పడ్డారంట," అని ఆయా కేకేసింది. జోషితమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. తాయారు ఉండేది ఆ వైపే. "ఐస్ ఫ్యాక్టరీ వీధిలో పిల్లాడంటమ్మా, తల పగిలిందంట," అంది ఆయా మళ్ళీ.

ఐస్ ఫ్యాక్టరీ వీధి. తనవాళ్ళు కాదు.

"పాపం," అని జోషితమ్మ ఊపిరి వదిలింది. ఆ ఊపిరితో పాటే కాలు జారినట్టు ముడుచుకుంది. చూస్తే తొంభై ఆరు.

సాయంత్రం డాక్టర్ రంగనాయకి తన గదిలో గీతలు చూస్తూ యంత్రాన్ని అడిగింది.

"ఇక్కడ ఏం చేశావు?"

"నేనేం చెయ్యలేదు డాక్టర్. ఒక పిల్లాడికి దెబ్బ తగిలింది. ఆవిడ పిల్ల కాదని తెలిసింది. తెలిసిన క్షణం ఒళ్ళంతా వదిలేసింది."

"ఊరటన్నమాట. మంచిదేగా?"

"ఊరట రావాలంటే ముందు భయం రావాలి. ఆ భయానికి కారణం నిజంగా జరిగి ఉండాలి. అబద్ధం చెప్పడానికి నాకు వీల్లేదు."

డాక్టర్ చెడ్డ మనిషేం కాదు. కర్రకాళ్ళతో ఇళ్ళకెళ్ళిన రోగుల్ని చాలామందిని చూసింది.

"నిజాలే చెప్పు మరి," అంది చివరికి. "లోకంలో వాటికేం కొరవ?"

మర్నాటి నుంచి సడలిక వార్తలు చదవడం మొదలెట్టింది. ముందు ఊరు పేరు చెప్పకుండా ఒక బిడ్డకి ఏం జరిగిందో చెప్పేది. జోషితమ్మ గుప్పిళ్ళు బిగించేది. అప్పుడు ఊరు చెప్పేది. ఒంగోలు. బరంపురం. దూరపు ఊళ్ళకి కాలు రవ్వంతే కదిలేది. దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ కదిలేది. ప్రతి వార్తకీ జోషితమ్మ కళ్ళు మూసుకుని, ఆ తల్లికి ఓర్పునివ్వమని నిజంగానే దణ్ణం పెట్టుకునేది. ఆవిడ దణ్ణం పెట్టుకుంటూ ఉంటే కాలు వంగుతూ ఉండేది.

ఆవిడేం తెలివితక్కువది కాదు. ఒకరోజు అడిగేసింది.

"నా కాలు ఎప్పుడు వంగుతోందే?"

"మీ పిల్ల కాదని తెలిసినప్పుడమ్మా."

జోషితమ్మ మొహం తెల్లబోయింది. "ఛీ! నేనంత పాపిష్టిదాన్నా? ఇంకొకళ్ళ కడుపుకోత మీద మోకాలు వంచుకుంటానా? ఇంకెప్పుడూ అలాంటివి నా చెవిన వెయ్యకు."

సడలిక మానేసింది. మళ్ళీ పాటలు పాడింది. మోకాలు నూట రెండు దగ్గర బిగదీసుకుంది. డాక్టరు వచ్చి, మచ్చకండ ముదురుతోందని, ఇలాగే ఉంటే మళ్ళీ కొయ్యాల్సి వస్తుందని చెప్పి వెళ్ళింది. మళ్ళీ కోతంటే తాయారు కానుపుకి తను మంచం మీదే.

ఆ సాయంత్రమే మోక్షితమ్మ ఫోన్. "నలుగు పిండి నేనే కొట్టించేశాను వదినగారూ. పీట కూడా తెప్పించాను, టేకుది."

ఫోన్ పెట్టాక జోషితమ్మ లాస్యమ్మకి వినపడకుండా దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది.

"ఏవైనా వార్తలున్నాయా?"

ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి.

పోను పోను ఊళ్ళ వార్తలు చాల్లేదు. తెలియనివాళ్ళ మీద భయం మొద్దుబారింది. జోషితమ్మే దారి చూపించింది.

"మా పెద్దనాన్న మనవడు ఒకడున్నాడు, మోటారు పడవ నేర్చుకుంటున్నాడు. దూకుడు మనిషి. ఎలా ఉన్నాడో ఒకసారి కనుక్కో."

"క్షేమంగా ఉన్నాడమ్మా."

"ఓహో," అంది జోషితమ్మ. ఆ 'ఓహో'లో ఉన్నదేమిటో ఆవిడకే తెలిసి నాలిక్కరుచుకుంది. "క్షేమంగా ఉండాలి, నూరేళ్ళు బతకాలి. సరే... మా పాత వీధిలో ఎలిజబెత్ టీచరుగారి కూతురికి ఏదో గుండె జబ్బన్నారు. అదేమైందో?"

అది అయింది. ఆ అమ్మాయి అంతకు ముందు వారమే పోయింది. జోషితమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నప్పుడు తాయారూ ఆ పిల్లా ఒకే బడి పడవలో వెళ్ళేవాళ్ళు. ఒకే రంగు రిబ్బన్లు. ఇద్దరిలో ఒకరు పోయారు, పోయింది తాయారు కాదు. కాలు మెత్తగా, నూనె రాసిన తలుపులా ముడుచుకుంది.

"నూట పద్దెనిమిది," అంది సడలిక. "చాలా బాగా చేశారమ్మా."

పక్క మంచం మీంచి లాస్యమ్మ చప్పట్లు కొట్టింది. "మీ మోకాలికి దిష్టి తియ్యాలి వదినగారూ! ఏం మంత్రం వేశారు? నాది నూట ఐదు దాటి రానంటోంది."

"దేవుడి దయండి," అంది జోషితమ్మ తల తిప్పుకుని. తర్వాత సడలికని మెల్లగా అడిగింది. "ఆవిడకి ఏం చెప్తుంటావు నువ్వు?"

"ఒకరి సంగతి ఒకరికి చెప్పను."

"పాటలేమోలే," అనుకుంది జోషితమ్మ. లాస్యమ్మ అమాయకురాలు. మనసులో కల్మషం లేని మనిషి. లేకపోతే ముక్కూమొహం తెలియని ఇంటి పిల్ల బీపీ గురించి అంతలా ఎందుకు అడుగుతుంది?

తాయారుని కానుపుకి తీసుకెళ్ళారన్న కబురు ఒక ఉదయం వచ్చింది. కాళ్ళకి పట్టీలు కట్టే వేళ. వార్డంతా జోషితమ్మ చుట్టూ చేరింది. ఆయా నోట్లో పంచదార వేసింది. లాస్యమ్మ తన మంచం దగ్గరకి జరిపించుకుని, పట్టీ కట్టిన కాలితోనే ఒరిగి, జోషితమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏం కాదు వదినగారూ. నేనున్నాను."

జోషితమ్మ కాలు కొయ్యలా బిగిసి ఉంది. సడలిక ఆవిడతో ఏమీ మాట్లాడలేదు. ఇలాంటప్పుడు మాట్లాడి లాభం లేదని దానికి తెలుసు.

అల్లుడు అప్పలస్వామి ఫోన్ మధ్యాహ్నానికి వచ్చింది. స్పీకర్ ఆపడం జోషితమ్మకి చేతకాలేదు. ఫోన్ అలాగే పట్టుకుంది.

"అత్తయ్యా..."

"చెప్పు బాబూ. తాయారు..."

"తాయారు బాగానే ఉందండి. మత్తులో ఉంది. పాపండి. దక్కలేదండి అత్తయ్యా. ఏడవనే లేదు."

ఇన్నాళ్ళూ ఏ వార్త విన్నా ఒక మాట తర్వాత ఇంకో మాట వచ్చేది. ఫలానా ఊరు, ఫలానా వీధి, మీవాళ్ళు కాదు అని. జోషితమ్మ ఆ రెండో మాట కోసం చూసింది. సడలిక కూడా ఏమైనా చెబుతుందేమోనని చూసింది. అది అబద్ధం చెప్పదు.

"అయ్యో వదినా!" అని లాస్యమ్మ బావురుమంది. చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. జోషితమ్మ ముంజేతి మీద వేడిగా పడ్డాయి. "అయ్యో తల్లీ, ఎంత పని జరిగింది! ఎంత పని జరిగింది!"

అంటూ ఉండగానే లాస్యమ్మ దుప్పటి కింద ఏదో కదిలింది. పట్టీలోని చిన్న మర మెత్తగా మూలిగింది. లాస్యమ్మ కాలు దానంతటదే, ఏ అడ్డూ లేకుండా, మడిమ పిరుదుకేసి జారుతూ వెళ్ళింది. నూట ఐదు దాటి రానని మొండికేసిన కాలు అది.

జోషితమ్మ చూసింది. వార్డులో ఇంకెవరికీ అర్థం కాలేదు, ఆవిడకి తప్ప. పొద్దున్నే మొహం కడుక్కోకముందు అడిగిన బీపీలూ, కాళ్ళ వాపులూ, ముద్ద దిగకపోవడాలూ అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. వీధుల పేర్లూ మనుషుల పేర్లూ యంత్రానికి అందించినన్నాళ్ళూ, తన ఇంటి పేరు కూడా పక్క మంచానికి ఒక వార్తేనన్న ఊహ ఆవిడకి ఒక్కనాడూ రాలేదు.

లాస్యమ్మ కూడా తన కాలికేసి చూసుకుంది. ఏడుపు ఆగలేదు. మొహం మాత్రం ఎర్రబడింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. జోషితమ్మ వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుని అడిగింది.

"ఎంత వచ్చింది వదినగారూ?"

లాస్యమ్మ చెవిలో బిళ్ళ ఏదో మెల్లగా చెప్పినట్టుంది. ఆవిడ కళ్ళు దించుకుంది.

"నూట ముప్ఫై," అంది ఏడుస్తూనే.

ఇక ఆవిడ పీట మీద కూర్చోగలదు.