ఊరూ పేరూ లేని టీవీ

ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరే వేళ పాత టీవీ టప్పున ఆరిపోయింది. బెంగాలీవాళ్ల మధ్య ఝపటాపూర్‌లో ఉన్న ఆ తెలుగువాళ్ల ఇంట్లో దాని కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు గానీ, కొత్తది ఏది కొనాలన్న దగ్గర తగువు మొదలైంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే జెఫ్రీ, అతని భార్య ఏంజలిన్ కలిసి ఫోనులో ఒక చవక కంపెనీ టీవీ ఎంచుకున్నారు. జెఫ్రీ తల్లి సూసన్నకు ఆ కంపెనీ పేరు పలకడానికి నోరు కూడా తిరగలేదు.

"ఊరూ పేరూ లేని కంపెనీ. పాడైతే ఎవుడికి సెప్పుకుంటాం?" అంది.

బొమ్మ బాగుంటుందని, బాగుచేసేవాళ్లు ఇంటికే వస్తారని జెఫ్రీ నచ్చజెప్పాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఫ్యాను దగ్గర్నుంచి కుక్కరు దాకా పేరున్నవే కొనే కొడుకు ఉన్నట్టుండి చవకరకానికి ఎందుకు దిగాడు? డబ్బు దేనికో దాస్తున్నాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. ఆనాటి నుంచి సూసన్న చేతులు వంటింట్లో, చెవులు హాల్లో.

బుధవారం సాయంత్రం కోడలు టీవీ షాపతనితో ఫోనులో బెంగాలీలో మాట్లాడుతోంది. వంటింట్లోకి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. అందులో ఒకటి మాత్రం సూసన్నకు స్పష్టంగా అందింది. 'ఆలాదా'. అంటే వేరుగా. కాసేపటికి కొడుకు నోట 'తాల్‌బగీచా' అని ఇంకో పేట పేరు వినబడింది. ఇంకేం కావాలి? తాల్‌బగీచాలో ఇల్లు చూసుకున్నారు, వేరుకాపురం పెడుతున్నారు. రెండిళ్లు నడపాల్సినవాళ్లు చవకవి కాక ఏం కొంటారు? ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు కొడుకు ముందు పెట్టి అడిగేసింది.

"తాల్‌బగీచాకి ఎప్పుడెల్తన్నారు? ఆలాదా ఉంటామని షాపోడికి కూడా సెప్పింది నీ పెళ్లాం. నాకే సెప్పనేదు."

జెఫ్రీ తెల్లబోయి భార్య వైపు చూశాడు. ఏంజలిన్ వచ్చి అత్తగారికి ఎదురుగా కూర్చుంది.

"ఆలాదా అన్నది స్పీకరు గురించి అత్తమ్మా. ఆ టీవీలో సౌండు పీలగా ఉంటాదంట. స్పీకరు వేరుగా కొనాల, మీకు వినబడాలని."

"నాకు బాగానే వినబడతంది."

"నేదత్తమ్మా. వార్తలొస్తే మీరు సదివేవోళ్ల పెదాలే సూస్తన్నారు. ఎనకనుంచి పిలిస్తే పలకరు. నా మీద కోపమేమోనని మొదట్లో ఏడ్చినాను కూడా."

తాల్‌బగీచాలో చెవుల డాక్టరున్నాడని, చెవి మిషను కొనాల్సి వస్తుందేమోనని టీవీ చవకలో సరిపెడుతున్నామని జెఫ్రీ తలవంచుకుని చెప్పాడు. ఆమె నొచ్చుకుంటుందని ఇన్నాళ్లూ ఎలా చెప్పాలో తెలియలేదట.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, తన చెవుడు ఎవరికీ తెలియదనే సూసన్న అనుకుంది. సిగ్గు ముంచుకొచ్చింది. కొడుకునీ కోడలినీ ఎంత మాట అనేసింది! ఆమె కళ్లు నిండిపోయాయి.

"సెవిటిదాన్నని తెలిస్తే నన్నొగ్గేసి ఎల్లిపోతారేమోనని భయపడ్డాను" అంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఆ టీవీయే తెచ్చీండి. స్పీకరొద్దు. ముందు డాక్టరు కాడికెల్దాం" అంది.

ఏంజలిన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "మేమెక్కడికీ ఎల్లం అత్తమ్మా."

సూసన్న కొంగుతో కళ్లు తుడుచుకుని కోడలికి దగ్గరగా జరిగింది.

"ఇంకోసారి సెప్పమ్మా. సరిగ్గా వినబళ్లేదు."

నిజంగానే వినబడలేదో, మళ్లీ వినాలనిపించిందో ఏంజలిన్ అడగలేదు. పక్కింటి బెంగాలీవాళ్లు కిటికీ తెరిచి చూసేంత గట్టిగా, అదే మాట మళ్లీ చెప్పింది.