తెల్లతెర దాటిన రాణి

ఓల్మా నది ఉత్తరపు గట్టున, నల్లరాతి కొండను అంచెలంచెలుగా తొలిచి కట్టిన తోర్వాల్ మహానగరం మీద ఆ శరత్కాలపు ఉదయాన పొగ దట్టంగా కమ్ముకొని ఉన్నది. కోట వెలుపలి గోధుమ చేలన్నిటినీ శత్రువైన బ్రెన్ ప్రభువు తగులబెట్టించాడు. ఆ పొలాల బూడిద మీదనే అతని సేనల గుడారాలు వెలిసినవి. లోపల రౌతులు తమ గుర్రాలను తామే కోసుకు తింటూ, ఒకరి కళ్లలోకి ఒకరు చూడలేక తల తిప్పుకుంటున్నారు. ఇన్ని ఘోరాల నడుమ ప్రధాన దేవాలయపు గంట మాత్రం మోగలేదు. ఆ గంట మోగకపోవడంలోనే ఉన్నది అసలు సంగతంతా.

వెర్నోవా దేశంలో మామూలు ఆడవాళ్లు భర్త పోతే నలుపు కడతారు, రాణి మాత్రం తెలుపు కట్టాలి. రాజును ఖననం చేసిన నాటి నుండి మతగురువు పెద్దగంట మోగించే వరకు, వెలుగు చొరని గదిలో, తెల్లని తెర వెనుక ఆమె కూర్చుండవలె. ఏ పురుషుడూ ఆమె ముఖం చూడరాదు. గంట మోగకమునుపే తెర దాటిందా, భర్త ఆత్మకు శాంతి కోరనిదని ముద్ర పడుతుంది. కిరీటం పోతుంది, కన్నబిడ్డ దూరమౌతుంది, ఇక బతికినన్నాళ్లూ కొండమీది సన్యాసినుల మఠంలో గోడల మధ్య మగ్గిపోవలసినదే. రాణి గర్భవతి అవునో కాదో తేల్చుకోవడానికి ఏ కాలంలోనో పెట్టిన కట్టుబాటు అది. ఎందుకు పెట్టారో జనం ఎప్పుడో మరిచిపోయారు గానీ, శిక్షను మాత్రం ఎవరూ మరువలేదు.

రెనార్ మహారాజు కన్నుమూసి, ఎల్విరా రాణి తెర వెనుకకు పోయినది మొదలు రాజముద్ర మహామంత్రి ఆర్నుల్ఫ్ చేతికి వచ్చింది. మతగురువు ఆర్నుల్ఫ్ గీసిన గీత దాటడు. ఇక గంట ఎందుకు మోగుతుంది చెప్పండి?

ఆనాటి మధ్యాహ్నం మంత్రి సేనాధిపతి తిబాల్ట్‌ను సభామందిరానికి పిలిపించాడు. తిబాల్ట్ తల నెరిసిన యోధుడు, మూడుతరాల రాజుల ఉప్పు తిన్నవాడు.

"సేనాధిపతీ, పొద్దు వాలే వేళకు కోటవంతెన దించించండి" అన్నాడు ఆర్నుల్ఫ్, తేనె పూసిన గొంతుతో. "బ్రెన్ ప్రభువుతో సంధి కుదిరినది. రాకుమారి జిసెలాను ఆయన కుమారునకు వాగ్దత్తగా నేడే అప్పగిస్తున్నాము. పిల్ల అక్కడనే పెరుగును. ఆమె పేరిట ఇక్కడి రాజ్యభారం నేను మోయుదును."

"ఏడేళ్ల పసిబిడ్డను శత్రువు చేతిలో పెడతారా, అమాత్యా? మహారాణికి తెలుసునా ఈ సంగతి?"

"మహారాణి దీక్షలో ఉన్నారు. ముద్ర పడిన ఆజ్ఞను కిరీటం ధరించినవారు నోటితో రద్దు చేస్తే తప్ప మీరు జవదాటరాదు. మీరు చేసిన ప్రమాణమే కదా అది? ఆ నోరు తెర వెనుక ఉన్నది మరి."

తిబాల్ట్ సభామందిరం నుండి బయటపడ్డాడు. కాళ్లు అతన్ని బురుజుల వైపు గాక అంతఃపురం వైపు నడిపించాయి. దారి పొడుగునా అతనికి ఒకే దృశ్యం కళ్ల ముందు ఆడుతున్నది. అప్పట్లో అతను నూనూగు మీసాల రౌతు. నది మధ్య ఇసుకతిన్నె మీద, దక్షిణ సముద్రతీరం నుండి తెచ్చిన ఒక చిన్నపిల్లను వెర్నోవా దూతలు అందుకున్నారు. ఆ పిల్ల ఒంటి మీది పుట్టింటి గౌను విప్పించారు, చెవిపోగులు తీయించారు, తల్లి ఇచ్చిన జపమాలను సైతం ఉంచనివ్వలేదు. పరదేశపు పోగు ఒక్కటీ ఒడ్డు దాటరాదట. ఆ పిల్ల ఏడవలేదు. పడవలో కూర్చున్నాక తిబాల్ట్ వైపు తిరిగి, "అవతలి ఒడ్డున మా మాట ఎవరికైనా తెలుసా?" అని సైగలతో అడిగింది. అతను ఆ భాష నేర్చుకున్నాడు. ఆ దేశం మొత్తం మీద నేర్చుకున్నవాడు అతనొక్కడే.

ఆ తరువాత ఆమె రాణి అయింది గానీ వాళ్ల మనిషి కాలేకపోయింది. వాన పడకపోతే దక్షిణపు పిల్ల కాలు పెట్టిన వేళ అన్నారు, ఆడపిల్ల పుడితే మూతులు విరిచారు. అన్నీ గుండెల్లో దాచుకొని ఆమె తన ప్రాణమంతా ఆ బిడ్డ మీదనే పెట్టుకొని బతికింది.

తెర ముందు మోకరిల్లి తిబాల్ట్ జరిగినదంతా చెప్పాడు. చెప్పి, "దేవీ, ప్రమాణం నేనే తప్పుతాను. వంతెన దించను. నా తల పోతే పోనీ" అన్నాడు.

"నీవే మాట తప్పితే, తిబాల్ట్, నీ వెనుకనున్న సైనికుడు రేపు ఎవరి మాట వింటాడు?" తెర వెనుక గొంతు నీరసంగా ఉన్నా తొణకలేదు. ఆపైన అడిగింది: "జిసెలాను ఏ బట్టలతో పంపుతారట?"

"బ్రెన్ నుండి ఒక పెట్టె వచ్చినది, దేవీ. ఇక్కడివి ఏవీ ఉంచవద్దన్నారట."

తెర కదిలింది. పాలిపోయిన చేయి ఒకటి దాన్ని పక్కకు తీసింది. ఎల్విరా గడప దాటి వెలుగులోకి వచ్చి, కళ్లు బైర్లు కమ్మి తూలిపోతూ అతని భుజం పట్టుకున్నది. తిబాల్ట్ కళ్లు దించేసుకున్నాడు.

"చూడు, పరవాలేదు" అన్నది రాణి. "ఇక దాచవలసినదేమీ లేదు. నన్ను బురుజు మీదికి తీసుకుపో."

వంతెన గొలుసుల వద్ద నిలబడిన సైనికులు ఆ తెల్లని మూర్తిని చూసి కొయ్యబారిపోయారు. ఆమె ఎరగని శిక్ష కాదు, వాళ్లు ఎరగని శిక్షా కాదు.

"వెర్నోవా వీరులారా," అన్నది ఎల్విరా, "మీరు నన్ను పరదేశి అన్నారు. నేను కాదనలేదు. కానీ నా బిడ్డ ఈ కొండ మీద పుట్టింది, ఈ నది నీళ్లు తాగింది. ఆమెను ఎవరికీ అప్పగించను. కిరీటం ధరించిన నోటితో చెబుతున్నాను, వంతెన దించవద్దు."

ముందు ఒక ముసలి విలుకాడు మోకరిల్లాడు. ఆపైన బురుజు మొత్తం మోకరిల్లింది. సంధి కుదిరిందన్న ధీమాతో బ్రెన్ సేనలు కవచాలు సడలించుకొని, అగడ్త దాకా వచ్చి నిలుచుని ఉన్నవి. తిబాల్ట్ చాటువాకిలి తెరిపించి, కడుపు కాలిన తన సైన్యంతో పక్కనుండి వారి మీద విరుచుకుపడ్డాడు. పొద్దు గుంకే సరికి గుడారాలు మంటల్లో ఉన్నాయి, బ్రెన్ ప్రభువు నది దాటి పారిపోతున్నాడు.

మరునాడు సభ తీరినప్పుడు ఎవరి ముఖానా విజయపు కళ లేదు. ఆర్నుల్ఫ్ తడుముకోకుండా లేచాడు. "నా సంధి మంచిచెడ్డలు పిదప తేల్చండి, ముందు శాసనం మాట చూడండి. గంట మోగలేదు. మహారాణి ఎల్విరా తెర దాటినది. అవునా, కాదా?"

తిబాల్ట్ చేయి కత్తిపిడి మీదికి పోయింది. అతను ఒక్క కేక వేస్తే చాలు, వాకిట నిలిచిన సేన సభ మీద పడుతుంది.

"కత్తి తీయవద్దు, సేనాపతీ" అన్నది రాణి. "నా కూతురి తల మీద కిరీటం నిలిచేది ఈ శాసనం బలం మీదనే. నేడు నా కోసం నీవు దానిని కత్తితో కొట్టేస్తే, ఆడపిల్ల ఏలరాదని రేపు మరొకడు కత్తితోనే వస్తాడు. తెలిసే దాటాను, తీర్పు చదవండి." అని, మంత్రి వైపు తిరిగింది. "కానీ ఆర్నుల్ఫ్, తెర దాటానని నిండు సభలో నీవే అంటివి. దాటిన నాడే దీక్ష తీరినది. దీక్ష తీరినాక ముద్ర ఎవరిది?"

మంత్రి చటుక్కున మతగురువు వైపు తిరిగాడు. మతగురువు తల వంచుకొని, "రాణిదే" అన్నాడు. ఆమెను పడదోయాలన్న తొందరలో, తీర్పు చదివే దాకా ఆమె రాణియేనని ఆ మహా మేధావి మంత్రికి తట్టనే లేదు.

ఎల్విరా ముద్ర అందుకొని రెండే ఆజ్ఞలు వేసింది. బిడ్డకూ రాజ్యానికీ తిబాల్ట్ సంరక్షకుడు, రాజద్రోహి ఆర్నుల్ఫ్ చెరసాలకు. ముద్రను తిబాల్ట్ అరచేతిలో పెట్టి, కిరీటం తానే తీసి మతగురువు ముందుంచి, "ఇక చదవండి" అన్నది.

పదవి పోయిన రాణి ముఖం వారసురాలు చూడరాదు. అదొక కట్టుబాటు. అందుకని ఆ సాయంత్రం కోట ముంగిట జిసెలాను గోడ వైపు తిప్పి నిలబెట్టారు. పక్కనే తిబాల్ట్ ఆ పిల్ల చేయి పట్టుకొని నిలిచాడు. వెనుక అడుగుల చప్పుడు దగ్గరకు వచ్చి, ఆగింది. చాలాసేపు ఆగింది. తరువాత మఠపు బండి తలుపు మూసిన శబ్దమూ, చక్రాలు రాళ్ల మీద కదిలిన శబ్దమూ వినవచ్చాయి.

"ఇప్పుడు తిరగొచ్చునా, తాతా?" అని అడిగింది జిసెలా.

బండి కోటవాకిలి దాటి ఎంతోసేపయింది. "ఇంకాసేపు ఆగు తల్లీ" అన్నాడు తిబాల్ట్. తన కన్నీళ్లు ఆ పిల్ల కంటపడకూడదని అతను ఆమె చేయి వదలకుండా, తానూ గోడకేసి తిరిగి నిలుచున్నాడు.