మడవని ఆకు

వార్డులో వడ్డన బండి ఆగినచోటే లోవరాజూ ఆగాడు. దాని పొట్టలోంచి ఆకుపొర నాలుకలా బయటికి సాగింది. పచ్చగా ఉంటుంది, ఈనెలు కూడా గీసి ఉంటాయి, అరటాకు వాసన మాత్రం ఉండదు. దాన్ని మంచానికున్న బల్ల మీద పరిచి, చెంబులో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించాడు. ఆ పని అవసరం లేదు. ఆకుపొర మేడ కొసనున్న వంటశిఖరంలోనే శుద్ధయి వస్తుంది. కాని నీళ్ళు చల్లని ఆకులో అన్నం పెట్టడానికి అతని చెయ్యి రాదు.

తరవాత బండి ముక్కులోంచి అన్నరూపం జారింది. దాని పక్కన పప్పురూపం, ఆ పక్కన కూరరూపం. మూడింటిదీ ఒకే వెచ్చదనం, ఒకే మెత్తదనం. తడిసిన అట్టపెట్టె వాసన. లోవరాజు గరిటెతో వాటిని సరిచేసి, ఆకులో దేని చోట్లో దాన్ని కుదురుగా ఉంచాడు. వడ్డన మనిషి చేతిమీదుగానే జరగాలని చికిత్సాలయ చట్టం. ఆ ఒక్క వాక్యం మీద బతుకుతున్నాడు అతను. సముద్రం కరకట్ట దాటి ఊరి మాగాణి అంతా ఉప్పుతేరక ముందు అతనికీ సొంతంగా వరిచేను ఉండేది.

"ఇవాళేంటి బావా?" అన్నాడు జోజిబాబు. మరపడవల ఇంజన్లు బాగుచేసే మనిషి. కాలు విరిగి, మోకాలి దాకా ఎముకజిగురు కట్టుతో పడున్నాడు.

"బెండకాయంట."

"బెండకాయకి జిగురుండాలి కదా? ఇది నిన్న నేనొదిలేసిందే. మొహం గుర్తుపట్టాను."

"నవ్వించకయ్యా, కుట్లు లాగుతున్నాయి," అని పక్క మంచం పెద్దాయన పొట్ట పట్టుకున్నాడు.

వరస చివరిదాకా వడ్డించి, బండి వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఆకులు ఎత్తే వేళ. జోజిబాబు రెండు ముద్దలు మింగి, మూడోది కలిపి, కలిపింది కలిపినట్టే వదిలేసి, ఎదరంచు పట్టుకుని ఆకును తనవైపు మడిచాడు. బండి నుదుటి మీద మడతకన్ను పచ్చగా వెలిగింది.

"భోజనం పూర్తి. తృప్తి నమోదైంది," అంది బండి.

"సగం లోపలే ఉందిగా," అన్నాడు లోవరాజు.

"మడవకుండా లేవమంటావా? మా అమ్మ చూస్తే వీపు పగలగొడుతుంది. పెద్దకర్మ భోజనంలో లాగా అటువైపు మడుద్దామనుకున్నాను, ఈ తింగరి కన్నుకి ఎటు మడిచినా తృప్తే."

ఆ కన్ను పెట్టినవాళ్ళు ఈ మనుషుల్ని చూసే పెట్టారు. ఇక్కడివాళ్ళు తినడం కాగానే ఆకు మడుస్తారు. ఏ భాషలోనూ అడగక్కర్లేని జవాబది. వడ్డనదారులందరినీ కూర్చోబెట్టి ఒకాయన ఆ సంగతి గొప్పగా చెప్పాడు కూడా. ఆకు మడిచారంటే తృప్తి. తృప్తి తగ్గనంతకాలం ఈ రూపాలన్నీ చేసే సారం ఇంకాస్త పలచన చేసుకోవచ్చు. తొట్టెల్లో పెరిగే సారానికి కరువు కదా. ఆకులో ఏదన్నా మిగిలినా మర్యాద కోసం మడుస్తారని ఆయనకెవరూ చెప్పలేదు. లోవరాజు కూడా చెప్పలేదు. అడగందే మాట్లాడే అలవాటు లేదు. అప్పట్నించీ పప్పురూపం నెలనెలా నీరవుతూ వచ్చింది. ఆకులు మాత్రం ముచ్చటగా మడతపడుతూనే ఉన్నాయి.

బండి కిటికీ పక్క మంచం దగ్గర ఆగింది. అప్పలనరసమ్మ అక్కడ దిండుకి ఆనుకుని ఉంది. జ్వరంతో వచ్చింది. జ్వరం పోయింది, మనిషి మిగల్లేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆమె ఇంకా ఆకు మడవకముందే బండి గొంతు విప్పింది.

"ఈ రోగి భోజనం పూర్తిగా తీసుకుంటున్నారు. దేహం స్పందించడం లేదు. రేపు నాళవార్డుకు మార్పు."

లోవరాజు గరిటె పక్కన పెట్టాడు. నాళవార్డు కింది అంతస్తులో ఉంది. అక్కడ అతనికి పని లేదు, ఆకుల్లేవు గనక. ముక్కులోంచి గొట్టం, గొట్టంలోంచి సారం. ఒకసారి దుప్పట్లు మోసుకెళ్ళి చూశాడు. అన్ని మంచాలున్నా ఒక్క దగ్గు కూడా వినపడలేదు. అక్కడ కొన్నాళ్ళున్నవాళ్ళు ఆకలనే మాట మరిచిపోతారు. తిరిగి పైకి వచ్చినవాళ్ళని అతనెరగడు.

"ముక్కులోంచి పోస్తారంట కదరా," అంది అప్పలనరసమ్మ.

"తినట్లేదని చెప్పు మామ్మా. బాగోక తినలేకపోతున్నానని చెప్పు."

"ఎలా చెప్పనురా? పెట్టినవాళ్ళ ముందు అన్నం బాగోలేదంటామా ఎక్కడన్నా?"

"పెట్టేది మనిషి కాదు మామ్మా. ఆ బండి ముక్కు."

"నువ్వున్నావు కదా. నీళ్ళు చల్లి మరీ పెడుతున్నావు. నీ మొహం మీద ఆకు తెరిచి వదిలేయనా?"

లోవరాజు తన చెంబుకేసి చూసుకున్నాడు. ఆమె చెయ్యి అప్పటికే ఆకు ఎదరంచు మీదికి పోయింది. ఎముకల మీద చర్మం కప్పిన చెయ్యి. ఇన్నాళ్ళూ ఆమె మడిచింది తనకోసమన్నమాట. తన చెంబు, తన నీళ్ళు, తను కుదురుగా పెట్టిన పప్పురూపం, అన్నీ కలిసి ఆమెను కింది అంతస్తుకి పంపిస్తున్నాయి.

"మడవకు మామ్మా," అన్నాడు.

"ఏంట్రా?"

"నా మొహం చూడకు. మడవకు."

"తెరిచిన ఆకు ముందునించి లేస్తే కొట్లాటకి దిగినట్టేరా."

"కొట్లాటే మామ్మా."

ఆమె అతన్ని కాసేపు చూసింది. కోపమొచ్చిందేమో అనుకున్నాడు. చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆకు తెరిచే ఉంది. అన్నరూపం మీద ఆమె వేలి గుర్తు ఒక్కటే ఉంది.

మడతకన్ను పసుప్పచ్చగా మారింది. "భోజనం కొనసాగుతోంది," అంది బండి.

అటు మంచం మీంచి జోజిబాబు నిక్కి చూశాడు. ఇంకా ఎత్తని తన ఆకుని పట్టి మళ్ళీ విప్పేశాడు. "నాదీ కొనసాగుతోందే తల్లీ!" అని అరిచాడు. కుట్ల పెద్దాయన కూడా విప్పాడు. వరసంతా ఆకులు తెరుచుకున్నాయి. లోపల దాగి ఉన్నదంతా బయటపడింది. కెలికినవి, కలిపి వదిలేసినవి, అసలు ముట్టనివి. బండి పక్కన మంచానికొకటిగా వెలుగుతున్న పచ్చదీపాలన్నీ ఒక్కొక్కటే పసుపు తిరిగాయి.

భోజనం ముగియని వార్డునించి బండి కదలదు. ఈ బండి కదలకపోతే దీని తరవాత వంతు ఉన్న పై అంతస్తుల బండ్లూ కదలవు.

"వడ్డనదారు ఆకులు మడిచి సహకరించాలి," అంది బండి.

లోవరాజు ముక్కాలిపీట లాక్కుని అప్పలనరసమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. బండి ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది. కాసేపటికి లిఫ్టు తెరుచుకుని పోషక పర్యవేక్షకురాలు హిమజ వచ్చింది. వంటశిఖరంలో ఉండే మనిషి. ఈ అంతస్తుకి ఆమె రావడం ఎవరూ చూడలేదు.

"ఏంటిది లోవరాజు గారూ? పై అంతస్తుల్లో అందరూ ఆకలితో కూర్చున్నారు."

"అవునండి."

"మీ ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"తెలుసండి."

"అయితే ఆకులు మడిచేయండి. తరవాత మాట్లాడుకుందాం."

"ఎంగిలాకు ఎత్తమంటే ఎత్తుతానండి. మడవడం తిన్నవాళ్ళ పని. ఒకళ్ళాకు ఇంకొకళ్ళు మడవరండి."

"ఏదన్నా ఇబ్బందుంటే వార్డు గోడకి చెప్పుకునే దారి ఉంది కదా?"

"ఆ దారిలో కూడా పోయొచ్చామండి మేడమ్," అన్నాడు జోజిబాబు. "అన్నం బాగోలేదని గోడకి మొరపెట్టుకుంటే, మీరు తృప్తిగా ఉన్నారు అని గోడే మాకు చెప్పిందండి."

కుట్ల పెద్దాయన మళ్ళీ పొట్ట పట్టుకున్నాడు. హిమజ నవ్వలేదు. వరస పొడుగునా తెరిచి ఉన్న ఆకుల్ని చూసింది. "ఇక్కడ ఎవ్వరూ ఎప్పుడూ ఏదీ వదిలేయలేదు," అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "తృప్తి ఎప్పుడూ నిండుగానే వచ్చేది."

"ఆ మాటలకేం గాని," అంది అప్పలనరసమ్మ. "వేళ దాటిపోయింది. నువ్వు తిన్నావా తల్లీ?"

"ఇంకా లేదు మామ్మగారూ."

"అయితే కూచో. లోవరాజూ, అమ్మాయికి ఆకెయ్యి."

హిమజ వద్దనబోయింది. కాని అంత ముసలావిడ మంచంలో పక్కకి జరిగి చోటు చూపిస్తుంటే వచ్చి కూర్చుంది. లోవరాజు కొత్త ఆకుపొర లాగాడు. పరిచాడు. నీళ్ళు చల్లాడు. అన్నరూపం, పప్పురూపం, కూరరూపం. అందరికీ పెట్టినట్టే, ఎక్కువా తక్కువా లేకుండా.

ఆమె చెయ్యి కడుక్కుని ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడానికి అందులో ఏమీ లేదు. మింగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. రెండో ముద్ద వేళ్ళ మధ్యే నిలిచిపోయింది.

"ఇందులో ఉప్పు..." అని ఆగింది.

"మీరే చెప్పాలండి," అన్నాడు జోజిబాబు.

ఆమె ముద్దని ఆకులో వదిలేసింది. పెరిగిన ఇంటి పెంపకం కాబోలు, తడి చెయ్యి దానంతటదే ఆకు ఎదరంచు మీదికి వెళ్ళింది. వార్డంతా ఆ చేతినే చూస్తోంది. మడతకన్ను కూడా అటు తిరిగింది. వేళ్ళు అంచును పట్టాయి. కొంచెం లేపాయి కూడా.

హిమజ అప్పలనరసమ్మ గాజుల వైపు చూసింది. మోచేతి దగ్గర ఆగి ఉన్న గాజులు. అంచు వదిలేసింది. ఆకు మళ్ళీ బల్ల మీద పరుచుకుంది.

"పర్యవేక్షకురాలి భోజనం కొనసాగుతోంది," అంది బండి. ఒక్క క్షణం ఆగింది. "తృప్తి నమోదు కాలేదు. పర్యవేక్షకురాలి ఆకే ప్రమాణం, లెక్కలు తిరిగి చూడబడుతున్నాయి. కిటికీ పక్క మంచం ఆహార వివరం సరిపోలడం లేదు. నాళవార్డు మార్పు నిలిపివేయబడింది." ఆ వెనకే పై అంతస్తు బండి కూడా అదే గొంతుతో నాళవార్డు మార్పు నిలిపివేయబడిందని అనడం మెట్లమీదుగా వినిపించింది. దాని పైదీ మొదలుపెట్టింది.

"లోవరాజు గారూ," అంది హిమజ, ఎంగిలి చెయ్యి గాలిలోనే ఉంచుకుని. "నీళ్ళు పొయ్యండి."

లోవరాజు లేచి చెంబు వంచాడు. ఆమె చెయ్యి కడుక్కుంది. తరవాత అప్పలనరసమ్మ చెయ్యి చాపింది. ఆ తరవాత జోజిబాబు, కుట్ల పెద్దాయన, వరసలో ఒక్కొక్కరూ. అందరి చేతులమీదా నీళ్ళు పోసుకుంటూ వెళ్ళాడు. ఒక్క ఆకూ మడతపడలేదు.