వరిగడ్డి చర్మం

డాక్టర్ చెన్నకేశవులు తాగే టీలో ఎవరో సైనైడ్ కలిపారు. నంద్యాల ల్యాబ్‌లో ఉదయం పది గంటలకు ఆయన కూలిపోయాడు. పది నిమిషాల్లో ఫ్రిజ్‌లోని చిన్న సీసా మాయమైంది.

పదిన్నరకు ఏజెంట్ సాల్మన్ రాజుకు హైదరాబాద్ నుంచి చీఫ్ ప్రసన్నకుమారి ఫోన్ చేసింది.

"సీసాలో ఏముందో తెలుసా?"

"తెలుసు మేడం. వరిగడ్డి రసం తిని పలచటి పొర అల్లే బాక్టీరియా. కాలిన గాయం మీద ఆ పొర పరిస్తే కొత్త చర్మం వస్తుంది. మిరప మొక్క వేళ్ల దగ్గర పాతితే అది నెల రోజులు నీళ్లు లేకుండా బతుకుతుంది."

"ఆ బాక్టీరియా ఇంకెక్కడా లేదు. సీసా కొట్టేసిన విదేశీ ముఠా దాన్ని పేటెంట్ చేయించుకుంటుంది. ముఠాలో మన మనిషి దీపిక, ఆళ్లగడ్డలో కలుస్తుంది. సాయంత్రం నాలుగుకు సరుకు కదులుతుంది."

మూడున్నరకు సాల్మన్ రాజు పంచె, కండువా, నుదుట విభూతితో, గుడి కమిటీ ఛైర్మన్‌లా ఆళ్లగడ్డ శిల్పాల షెడ్డులో అడుగుపెట్టాడు. పది రాతి నందులు కంటైనర్ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. ముఠా మనిషి అజయ్ కుమార్ పక్కన, పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ఎక్స్‌పోర్ట్ మేనేజర్ వేషంలో ఉంది దీపిక.

"నందికి గంట ఉందామ్మా?"

"గంట లేదన్నా, మువ్వలుండాయి."

కోడ్ కలిసింది. కొలతలు చూస్తున్నట్టు అతను ఫోన్ తిప్పాడు. అందులో థర్మల్ కెమెరా ఉంది. మే ఎండకు కాలిన రాళ్లన్నీ తెర మీద ఎర్రగా కనిపించాయి. ఏడో నంది పొట్ట ఒక్కటే చల్లగా, నీలంగా ఉంది.

"ఇది నాకు కావాల."

అజయ్ కుమార్‌కు అర్థమైపోయింది. నంది పొట్టకున్న రాతి బిరడా పీకి సీసా బయటికి లాగాడు. "దగ్గరికొస్తే పగలగొడ్తా" అంటూ చెయ్యెత్తాడు.

దీపిక పిస్టల్ పేలింది. అతని భుజం వాలిపోయింది. నేలకు జానెడు ఎత్తులో సీసా సాల్మన్ రాజు అరచేతిలో పడింది.

పోలీసులు వాణ్ణి తీసుకెళ్లాక సాల్మన్ రాజు దీపికను అడిగాడు. "టీలో కలిపిందెవరు?"

"వాడే. మందుల కంపెనీ మనిషినని ల్యాబ్‌కు పోయినాడు. నేనూ పక్కనే కూచ్చోనుండా."

"నీకు ముందే తెలుసా?"

"నిన్ననే తెలిసింది. మేడంకు చెప్పినా. డాక్టరాయప్పను కాపాడితే నా సంగతి బయటపడ్తాదని, ఊరకుండమనింది." ఆమె కళ్లద్దాలు తీయలేదు. "టీ బాగుందన్నాడన్నా ఆయప్ప."

సాల్మన్ రాజు చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"వెల్ డన్" అంది ఆమె.

"చెన్నకేశవులు కూడా మన మనిషే మేడం."

అవతల ఫోన్ పెట్టేశారు.

డాక్టర్ పోయిన పదకొండో రోజు సాల్మన్ రాజు చెన్నకేశవులు భార్య కమలాక్షమ్మను చూడటానికి వెళ్లాడు. ఆమె ఏడవలేదు.

"మాయన మందు రైతులకు ఎప్పుడిస్తారప్పా? చేలు ఎండిపోతాండాయి."

"పరిశీలనలో ఉందమ్మా" అన్నాడతను, నేల చూస్తూ.

అప్పటికే సీసా ఢిల్లీ చేరి, 'అత్యంత రహస్యం' ముద్రతో మూడు తాళాల వెనక గడ్డకట్టి ఉంది. ఇక దాన్ని ఎవరూ దొంగిలించలేరు. వాడుకోనూ లేరు.