తుపాకి ఉన్న ఇంటికి తాళం

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను, ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. మనవరాలు కొన్ని దిద్దిపెట్టింది. మిగిలిన తప్పులు నావే, మన్నించండి.

కోసిగి దగ్గర ఆ పల్లెలో తెల్లారేసరికి వీధి సగం ఖాళీ అయింది. సుగ్గికి, అంటే మిరపకాయల కోతకు, గుంటూరు వైపు పోయేవాళ్లు మూటలు లారీలోకి ఎక్కిస్తున్నారు. ఒక్కో తలుపుకూ తాళం పడుతోంది. సుంకులమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతూ చూస్తోంది.

"సుంకులక్కా, ఎలక్షన్లు ఎప్పుడంట?" లారీ మీద నుంచి పక్కింటి శివలీల అరిచింది. అందరూ నవ్వారు.

"నీకేమే, తాళమేసి పోతాండావు. పో, పో!" అని సుంకులమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వులాట ఊరందరికీ తెలిసిందే. సుంకులమ్మ మొగుడు హనుమన్న శనక్కాయ చేను మీద పడే అడవి పందుల కోసం లైసెన్సు తెచ్చుకుని ఒక పాత అమెరికా రైఫిల్ కొన్నాడు. దానికి కట్టె లేదు, వెనక భాగమంతా గోధుమరంగు నైలాన్. మొదట్లో ఊళ్లోవాళ్లు "పిల్లోళ్ల బొమ్మ" అని ఎగతాళి చేశారు. మంచె మీద కూర్చుని ఆయన దాన్ని చెంపకు ఆనించి వరసగా కాలిస్తే, ఎండుకట్టెలు విరిచినట్టు చిన్న చప్పుళ్లు. చేత్తో మళ్లీ మళ్లీ గొళ్లెం లాగే పని లేదు, వేలు కదిపిన ప్రతిసారీ ఒక తూటా. పందులు గట్టు దాటి పరుగు. అప్పుడు నోళ్లు మూతపడ్డాయి. "తుపాకి హనుమన్న" అని పేరు వచ్చింది.

ఆ పేరుతో పాటు ఇంటికి ఒక కట్టుబాటు వచ్చింది. తుపాకి ఉన్న ఇంటికి తాళం వేసి పోకూడదు. ఎవరైనా ఎత్తుకుపోతే జైలే అన్నాడు హనుమన్న. బీరువా తాళంచెవి సుంకులమ్మ పసుపుతాడుకు కట్టాడు. ఎలక్షన్లు వచ్చినప్పుడు మాత్రం లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. ఆ రోజుల్లోనే ఆమె పుట్టింటికి పోయేది. కూతురు అంజలి పెళ్లి కూడా ఎలక్షన్ల మధ్యలోనే చేశారు. అంజలి తొలి కాన్పు నాటికి ఏ ఎలక్షన్లూ లేవు. పల్లెలో ఆస్పత్రి లేదని కాన్పు అత్తగారి ఊరు బద్వేలులోనే జరిగింది, సుంకులమ్మ పోలేదు. మనవరాలి ఏడుపు ఫోన్లో విన్నది.

పోయిన ఏడు హనుమన్న చనిపోయాడు. పసుపుతాడు తీసేశారు. తాళంచెవిని మాత్రం నల్లదారానికి గుచ్చి మళ్లీ ఆమె మెడలోనే వేశారు.

లారీ కదిలిపోయాక కొడుకు ఈరేష్ కాఫీ గ్లాసుతో బయటికి వచ్చాడు. అతను మంగంపేట గనుల్లో టిప్పర్ తోలుతాడు, భార్యాబిడ్డలు కూడా అక్కడే.

"మా, తొందరగా తయారవ్వు. కర్నూలు పోవల్ల. స్టేషనోళ్లు మళ్లా ఫోన్ చేసినారు. నాయన లేడు కాబట్టి తుపాకి ఇంట్లో పెట్టుకోకూడదంట. నా పేరు మీదికి వచ్చేదాకా తుపాకుల అంగడిలో పెట్టాల. నీకు అభ్యంతరం లేదని సంతకం పెడితే సాలు."

"నీకేమిటికప్పా అది? నువ్వు చేను చేసేది లేదు, పందులు తోలేది లేదు."

"నాయనది మా! మంగంపేటలో నేనెవరో ఎవరికీ తెలీదు. ఈడ తుపాకి హనుమన్న కొడుకంటే కుర్చీ వేస్తారు."

"కుర్చీ కోసరమా?"

"నీకు తెలీదులే."

"తెలీకేం. అది వచ్చినాక మంగంపేటకు ఎత్తుకపోతావా?"

"బాడిగింట్లో యాడ పెట్టేది? నువ్వు ఈడనే ఉండావు కదా. చూసుకుంటావు."

సుంకులమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. "అంజలికి ఈ వారంలోనే కాన్పు. రమ్మని నెల నుంచి అడుగుతాండాది."

"ఆడ వాళ్లత్త లేదా? ముందు కాన్పుకూ నువ్వు పోలేదు, ఏమైంది?"

"నేను సంతకం పెట్టను" అంది సుంకులమ్మ.

"సంతకం నేర్చుకునింది దీనికా మా? ఏలిముద్ర కాలమే బాగుండె!"

సంతకం పెట్టకపోయినా తుపాకి అప్పజెప్పక తప్పదు కాబట్టి ఆమె బీరువా తెరిచి రైఫిల్ తీసి, ఎప్పటిలాగే నూనె గుడ్డతో తుడిచి సంచిలో పెట్టింది.

ఇద్దరూ బస్సెక్కి కర్నూలు పోయారు. తుపాకుల అంగడిలో నెరిసిన గడ్డం పెద్దాయన సంచి విప్పగానే మొహం వెలిగింది.

"హనుమన్న రైఫిలా! ఇప్పుడు ఇట్లాంటివి చేయడం లేదు బేటా. మన ఎండకు కట్టెవి శానా చీలిపోయినాయి. దీనికి గీత కూడా పడలేదు. ఎవరు చూసుకున్నారు?"

ఈరేష్ తల్లి వైపు చూశాడు. ఆమె అడిగింది, "ఎన్నాళ్లు ఉంచుకుంటారు సాబ్?"

"ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చమ్మా. నెలకింత అని బాడిగ కట్టుకుంటే సరి."

"ఎలక్షన్లు లేకపోయినా?"

"ఎలక్షన్లతో ఏం పని? ఊరికి పోయినా, పెళ్లికి పోయినా తెచ్చి పెడతారు, వచ్చి ఎత్తుకపోతారు. హనుమన్నకు తూటాల కోసరం వచ్చినప్పుడంతా చెప్పినా. 'నాకెందుకు సాబ్, మా ఇంట్లో మనిషి ఉండాది' అని నవ్వేవాడు."

పైన ఫ్యాను తిరుగుతోంది. సుంకులమ్మ బల్ల మీది రైఫిల్‌నే చూస్తూ ఉండిపోయింది. పుట్టిల్లు, చెల్లెలి పెళ్లి, తల్లి చావు, అంజలి తొలి కాన్పు, తను పోలేకపోయినవన్నీ ఆ గోధుమరంగు నైలాన్ మీద కనబడ్డాయి. తుపాకిని ఇక్కడ పెట్టి పోవచ్చని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు.

ఈరేష్‌కు పొద్దున తను అన్న మాట తండ్రి నోటితో మళ్లీ విన్నట్టయింది.

"సాబ్, ఒక్కసారి పట్టుకుంటా" అన్నాడు. పెద్దాయన తూటాలు లేవని చూసుకుని దాన్ని అతని చేతికిచ్చాడు. ఈరేష్ దాన్ని గోడ వైపు ఎత్తి, తండ్రిలా చెంపకు ఆనించాడు. తండ్రి వాసన ఏమీ రాలేదు. తల్లి కొంగుకుండే నూనె వాసన వచ్చింది.

దించి బల్ల మీద పెట్టాడు. "నాకొద్దు సాబ్. లైసెన్సు ఉండేవాళ్లు ఎవరైనా వస్తే అమ్మేసే దారి చూడండి."

"ఈరేషా..."

"నాయన్ను ఏమీ అనలేను మా. నన్ను తిట్టు."

సుంకులమ్మ తన మెడలోని నల్లదారం తలమీదుగా తీసి, తాళంచెవిని రైఫిల్ పక్కన పెట్టింది.

"ఇది మీ బీరువాది కదమ్మా, మాకెందుకు?" అన్నాడు పెద్దాయన.

అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ఈరేష్ తాళంచెవిని తీసి తన జేబులో వేసుకున్నాడు. కొంగు ఎత్తి తల్లి కళ్లు తుడవబోయి, తనే ఏడ్చాడు.

అమ్మకానికి ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సుంకులమ్మ నిదానంగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"బద్వేలు బస్సు యాడ ఆగుతుంది?" బయటికి వచ్చాక అడిగింది.

"ఇల్లు తెరిచి వచ్చినావా మా?"

"దగ్గరికేసి వచ్చినా."

"నేను పోయి తాళమేస్తా. నువ్వు పో."

బస్సు నంద్యాల దాటేదాకా ఆమె చేయి అలవాటుగా మెడ మీదికి పోతూనే ఉంది.

సుంకులమ్మ,
అరవై మూడేళ్లు.
ఇప్పుడు ఉండేది బద్వేలులో, కూతురింట్లో. పల్లెలో ఇంటికి తాళం వేసి ఉంది.